యోహాను అంకుల్ యూట్‌కి ఊడిరాని మూతలు

ఒక పెళ్లికూతురిని, ఆమె పెళ్లి రోజునే, తెల్ల పట్టుచీరతో, గుమ్మడి తోట పక్కన రోడ్డు మీద నిలబెట్టిన ఘనత నాకుంది. లేపుకుపోతూ మధ్యలో నిలబెట్టి ఉంటే కొంత గౌరవమైనా దక్కేది. నేను చేసింది అంత పెద్ద పని కాదు. బండి చక్రాలకు మూతలు అంటించాను. మూతలు అంటిస్తే పెళ్లి ఎలా ఆగుతుందో మీకింకా అర్థం కాకపోతే కంగారుపడకండి. మెకానికల్ ఇంజినీరింగులో మాస్టర్స్ చదువుతున్న నాకే ఆ రోజు దాకా అర్థం కాలేదు.

అప్పుడు నేను టూవూంబాలో ఉండేవాణ్ణి. క్వీన్స్‌లాండ్‌లో సముద్రానికి దూరంగా, కొండల వరస అంచు మీద కూర్చున్న ఊరది. పొద్దున్నే పొగమంచు వీధుల్లోకి నడిచొచ్చి, ఇళ్ల కంచెల మీద చేతులాన్చి కబుర్లకు నిలబడినట్టు నిలబడేది. వసంతం వస్తే జకరండా చెట్లు ఊదారంగు పూలు రాల్చి, ఆగివున్న కార్లన్నిటికీ దుప్పట్లు కప్పేవి. అలాంటి ఊళ్లో చదువుకోవడం కష్టం, కలలు కనడం సులువు. నేను సులువైనది ఎంచుకున్నాను. యూనివర్సిటీలో లెక్చరరు యంత్రాల అదురు గురించీ, బిగింపుల గురించీ చెబుతుంటే కిటికీలోంచి మబ్బులు చూసేవాణ్ణి. ఆ మబ్బుల్లో ఏ ఒక్కటి అడ్డు తప్పుకుని ఉన్నా నాకు పాఠం కొంచెం వినబడేదేమో.

యోహాను అంకుల్ ఇంటి వెనక గదిలో నా కాపురం. ఆయనది నరసాపురం. ఇక్కడి ఆసుపత్రిలో వృద్ధుల వార్డులో నర్సు. నాది తాడేపల్లిగూడెం అని తెలియగానే, "మనోడే" అని గది తాళం చేతిలో పెట్టాడు. భార్య సుగుణ ఆంటీ, కూతురు గ్రేస్. గ్రేస్ హైస్కూల్లో చదివేది. తెలుగు అంతా అర్థమయ్యేది గానీ సమాధానం మాత్రం ఇంగ్లీషులోనే, అదీ మొహంలో ఏ కదలికా లేకుండా చెప్పేది. ఈ ముగ్గురూ కాక ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉండేది. అది అంకుల్ యూట్.

యూట్ అంటే వెనక సామాను తొట్టి ఉన్న పికప్ ట్రక్కు. అక్కడందరూ అలాగే అంటారు. అంకుల్‌ది తెల్లది, లోపల రెండు వరసల సీట్లున్నది. ప్రతి శనివారం దానికి తలంటు పోసేవాడు. తరవాత మెత్తటి గుడ్డతో తుడుస్తూ దాంతో మాట్లాడేవాడు. ఆంటీ కిటికీలోంచి చూసి, "ఆ గుడ్డ నా పాత జాకెట్టే. నా ఒంటి మీద ఉన్నప్పుడు దాని వంక చూసిన పాపాన పోలేదు" అనేది.

ఆ బండికి ఒకటే జబ్బు. చక్రాల మధ్య మూతలు నిలవవు. వెండి గిన్నె బోర్లించినట్టుండే ఆ మూతలు, చక్రాన్ని బిగించే నట్లన్నిటినీ కప్పేస్తాయి. ఈ వాక్యం కాస్త గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి తిరిగి వస్తున్నాం. అంకుల్ నడుపుతున్నాడు, నేను పక్కన. వాన వెలిసి రోడ్డంతా మెరుస్తోంది. ఉన్నట్టుండి మా పక్కన ఒక వెండి చందమామ దొర్లుకుంటూ కనిపించింది. కాసేపు మాతోపాటు నడిచింది. తరవాత మమ్మల్ని దాటి ముందుకు పోయింది. తడి రోడ్డు మీద దాని నీడ, దాని వెనక సన్నటి నీటి తుంపర, అందులో ఇంద్రధనుస్సు ముక్క ఒకటి. నేను మైమరచిపోయాను.

"అంకుల్, అటు చూడండి. ఎంత బాగుందో."

"ఏంటది?"

"ఎవరిదో వీల్ క్యాప్ అంకుల్. మనల్ని ఓవర్‌టేక్ చేసేసింది."

అంకుల్ చూశాడు. ఆయన మొహంలో రంగు దిగిపోయింది. "ఎవరిదో కాదు బాబూ. మనదే."

అది ఒకరింటి ముందు తోటలోకి తిరిగి, గులాబీ మొక్కల మధ్య గుండ్రంగా చక్కర్లు కొట్టి పడుకుంది. అంకుల్ దిగి, ఆ ఇంటావిడకి క్షమాపణ చెప్పుకుని, మూతని చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు. ఆవిడకి ఇది కొత్త కాదట. ఆ ఊళ్లో చాలామందికి కొత్త కాదు. రోడ్డు పక్కన మూత దొరికితే దాన్ని కంచె స్తంభానికి ఆనించి పెట్టేవారు, "మన నర్సుగారిది" అనుకుంటూ.

అంకుల్ చేయని వైద్యం లేదు. నల్ల టేపు చుట్టాడు. లోపల గుడ్డ ముక్కలు కుక్కాడు. ఒకసారి ఆసుపత్రి ప్లాస్టర్ కూడా వేశాడు. మూతలు మాత్రం గోడ దూకే కుర్రాళ్లలా ఎటో ఒకవైపు పోతూనే ఉండేవి.

"డాడ్, నోబడీ లుక్స్ ఎట్ దెమ్" అనేది గ్రేస్.

"నేను చూత్తానమ్మా" అనేవాడు అంకుల్.

ఇలా ఉండగా రూతక్క పెళ్లి కుదిరింది.

రూతక్కది పాలకొల్లు. అదే ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. మాట తక్కువ, చేతి పని ఎక్కువ. పెళ్లికొడుకు వినయ్ రాజమండ్రి కుర్రాడు, ఎలక్ట్రీషియన్‌. అతని అన్నదమ్ములూ మేనత్తలూ బ్రిస్బేన్ నిండా ఉన్నారు. రూతక్కకి మాత్రం ఈ దేశంలో ఎవరూ లేరు. అమ్మకీ అన్నయ్యకీ వీసాలు రాలేదు. అందుకని పెళ్లిలో తండ్రి స్థానంలో తన చెయ్యి పట్టుకుని నడిపించమని యోహాను అంకుల్‌ని అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నాడు.

"బండి ఏం మాట్లాడమంటావమ్మా? పొడుగు కారు ఒకటి ఉంటదంట."

"వద్దంకుల్. నేనీ ఊరొచ్చిన రోజు బస్టాండు నుంచి మీ యూట్‌లోనే తెచ్చారు కదా. దాంట్లోనే వెళ్తాను."

ఇక చూడండి. ఆ సాయంత్రం అంకుల్ పాత సామాన్ల యార్డుకి వెళ్లి, మెరిసిపోతున్న మూతల సెట్టు ఒకటి తెచ్చాడు. చక్రానికొకటి, పైన ఇంకొకటి అదనం. వాటిని భోజనాల బల్ల మీద వరసగా పెట్టి, మా అందరినీ పిలిచి చూపించాడు.

"పెళ్లికూతురు దిగేటప్పుడు ఒక్క చక్రం బోడిగా ఉన్నా నా పరువు పోద్ది. ఈసారి పడకూడదు. ఎలా?"

అప్పుడు నేను నోరు తెరిచాను. నా జీవితంలో నోరు మూసుకోవలసిన సందర్భాలు చాలా ఉన్నాయి గానీ, వాటన్నిటికీ ఇది రాజు.

"ఇది వైబ్రేషన్ ప్రాబ్లం అంకుల్. మీరు టెన్షన్ పడకండి, నేను చూసుకుంటాను. మా సబ్జెక్టే ఇది."

"నిజంగానా బాబూ?"

"ఒక్క ఆఫ్టర్‌నూన్ ఇవ్వండి చాలు."

ఆంటీ నా వంక అనుమానంగా చూసింది. నేను ఆవిడ మిక్సీ బాగుచేసిన దగ్గరినుంచీ ఆవిడ రోట్లోనే పచ్చడి నూరుకుంటోంది.

నిజానికి చేయవలసింది సులువు. మూత లోపల ఒక తీగ చుట్టు ఉంటుంది, అది పట్టు వదిలితే కొత్తది వేయాలి. చక్రం అంచు మీద తుప్పు గీకాలి. ఇవి తరవాత తెలిశాయి. ఆ రోజు నేను హార్డ్‌వేర్ దుకాణంలో బంకల వరస ముందు నిలబడి, గొట్టాల మీద రాతలు కవిత్వం చదివినట్టు చదువుతున్నాను. గోడకి ఇటుక, ఇటుకకి ఇనుము, ఇనుముకి చెక్క. ఒక గొట్టం మీద పెద్ద అక్షరాలతో 'పర్మనెంట్' అని ఉంది. పర్మనెంట్ రెసిడెన్సీ కోసం కాచుకుని స్టూడెంట్ వీసా మీద బతికేవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుందో మీకు చెప్పలేను. మా గుంపులో ఎవరైనా హెయిర్ డై డబ్బా మీద పర్మనెంట్ అని చూసినా ఒక్క క్షణం ఆగి నిట్టూర్చేవాళ్లం. ఇంకేం ఆలోచించలేదు. ఆ గొట్టం గుండెలకు హత్తుకుని వచ్చేశాను.

అంకుల్ డ్యూటీకి వెళ్లాడు. యూట్ జకరండా చెట్టు కింద నిలిపి ఉంది. గాలికి పూలు ఒక్కొక్కటే, తొందర లేకుండా, తిరుగుతూ దిగుతున్నాయి. ఎక్కడో పక్కింట్లో గడ్డి కోసే మిషను తేనెటీగలా మూలుగుతోంది. నేను ఎర్రమట్టి మీద కూర్చుని మొదటి మూత ఒళ్లో పెట్టుకుని, అంచు చుట్టూ బంక వేయడం మొదలుపెట్టాను. కేకు మీద క్రీము వేసినంత ముద్దుగా వస్తోంది. వేస్తూ వేస్తూ నేను వేరే లోకంలోకి వెళ్లిపోయాను. ఆ లోకంలో పెళ్లి అయిపోయింది, అందరూ చక్రాల చుట్టూ మూగారు, పాస్టర్ గారు ప్రార్థనలో నా పేరు కలిపారు, మా నాన్నకి ఎవరో ఫోన్ చేసి మీ అబ్బాయి చేతిలో కళ ఉందండీ అంటున్నారు. మళ్లీ ఈ లోకంలోకి వచ్చేసరికి ఒక చుట్టు అనుకున్నది చాలా చుట్లు అయింది. సరే, ఎక్కువైతే నష్టమేముంది అనుకున్నాను. అన్నీ అలాగే అంటించాను. ఒక్కోదాని మీద అరచేయి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు పట్టుకున్నాను.

మర్నాడు అంకుల్ వచ్చి మొదటి మూతని పట్టుకుని లాగాడు. కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. కాలు చక్రానికి తన్నిపట్టి లాగాడు. బండి ఊగింది గానీ మూత ఊగలేదు.

"దేవుడికి స్తోత్రం" అన్నాడు అంకుల్ చిన్న గొంతుతో. "చదువంటే ఇదీ."

ఆ వారమంతా ఆయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు ఎక్కడుంటే అక్కడికి కావాలని వెళ్లి, దూకించి, చెవి పెట్టి వినేవాడు. చప్పుడు లేదు. ఆంటీ నాకు రోజూ రెండు గుడ్లు వేసి పెట్టేది. గ్రేస్ మాత్రం ఒకసారి చక్రం దగ్గర వంగి చూసి, "హౌ డు యు టేక్ ఇట్ ఆఫ్?" అంది.

"తీయడమెందుకు?" అన్నాను నేను. ఆ మాట అంటూ చిన్నగా నవ్వానని కూడా గుర్తు.

పెళ్లి కొండ దిగువన, కూరగాయల పొలాల లోయలో ఉన్న పాత చెక్క చర్చిలో. పొద్దున్నే బయలుదేరాం. అంకుల్ సూటులో స్టీరింగు ముందు, పక్కన రూతక్క, వెనక ఆంటీ, గ్రేస్, నేను. తొట్టిలో ఆంటీ వండిన చికెన్ బిర్యానీ పెద్ద పెద్ద డేక్షాలలో, తాళ్లతో కట్టి. ఆ తాళ్లు ఆంటీ నన్ను కట్టనివ్వలేదు. కొండ మీద పొగమంచు, దిగుతున్నకొద్దీ అది పలచబడి, కింద లోయ మెల్లగా తేలింది. ఆకుపచ్చ గళ్లు, గోధుమరంగు గళ్లు, మధ్యలో తళుక్కుమనే వాగు. ఎవరూ మాట్లాడటం లేదు. రూతక్క కిటికీ అద్దం దించి, చల్లగాలికి కళ్లు మూసుకుంది. అంకుల్ సన్నగా కీర్తన తీస్తున్నాడు. ప్రపంచంలో ఏ దోషమూ లేదనిపించే గంట అది.

లోయలోకి వచ్చాక ధడ్ ధడ్ ధడ్ అంది.

బండి రోడ్డు పక్కకి వాలి ఆగింది. దిగి చూస్తే ముందు టైరు, పిండేసిన ఇడ్లీ గుడ్డలా ఉంది. చుట్టూ గుమ్మడి పొలం, దూరంగా నీలం కొండలు, మనిషి జాడ లేదు. ఫోన్లలో సిగ్నల్ లేదు.

అంకుల్ ఏమాత్రం కంగారు పడలేదు. కోటు విప్పి ఆంటీకిచ్చి, జాకీ తీసి బండి కొంచెం ఎత్తాడు. నట్లు విప్పే స్పానరు చేతిలోకి తీసుకుని చక్రం ముందు కూర్చున్నాడు. స్పానరు వంక చూశాడు. చక్రం వంక చూశాడు.

"బాబూ, నట్లు ఏయి?"

"మూత కింద ఉంటాయి అంకుల్."

"అయితే మూత తియ్యి."

నేను వంగి బూటు లేసు బిగించుకున్నాను. పొలంలో తేనెటీగలు మాత్రం గుమ్మడి పూలలో తమ పని తాము చేసుకుంటున్నాయి.

"తియ్యి బాబూ."

"అది రాదు అంకుల్."

"రాదంటే?"

"రాకూడదనే కదా అంకుల్ మనం..."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. వార్డులో ఏదో మింగేసిన రోగిని చూసినట్టు చూశాడు. ఆంటీ బండి అవతలి వైపుకి వెళ్లి, పరలోకంతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టింది. గ్రేస్, "ఐ డిడ్ ఆస్క్" అని మాత్రం అంది.

స్పానరు మొనతో గీకాం. రాయితో కొట్టాం. నేను బూటు కాలితో తన్నాను. నా కాలు నొప్పెట్టింది, మూత మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూ కూర్చుంది. అంతలో పొలంలోంచి ట్రాక్టరు మీద ఒక పెద్దాయన వచ్చాడు. పేరు కెవిన్, ఆ గుమ్మడి పొలం ఆయనదే. సంగతంతా విని, వంగి, మూత చుట్టూ వేలితో తడిమి చూశాడు.

"ఎవరు అంటించారిది?" అన్నాడు ఇంగ్లీషులో.

నేను చెయ్యెత్తాను.

"నా షెడ్డు కప్పు నీచేత వేయించుకోవలసింది" అన్నాడు.

అంత కష్టంలోనూ నాకు కొంచెం సంతోషం వేసిందని మీకు చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

ఆయన ట్రాక్టరు పెట్టెలోంచి ఒక గడ్డపార తీసిచ్చాడు. చర్చి ఆ మలుపు దాటితే వస్తుందనీ, తను వెళ్లి కారు పంపమని చెబుతాననీ అన్నాడు. ఆయన భార్య కారు తీసుకుని ఊళ్లోకి వెళ్లిందట. ట్రాక్టరు గుడగుడలాడుతూ నింపాదిగా పోయింది. మేం గడ్డపారతో మూత అంచు కింద సందు కోసం వెతికాం. నేను ఉంచలేదు సందు.

"ఇటివ్వు తమ్ముడూ" అని వినిపించింది. రూతక్క. పవిట కొంగు నడుముకి దోపి, గాజులు పైకి తోసి, చెయ్యి చాపింది.

"అక్కా, చీర..."

"చీర సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చక్రం కదలకుండా పట్టుకో. అంకుల్, మీరు కొంచెం వెనక్కి జరగండి. గ్రేస్, కమ్ హియర్, ఈ మొన ఇక్కడ ఆనించి హోల్డ్ చెయ్యి."

ఆ గొంతు విన్నాక ఎవరి చోటికి వాళ్లం జరిగాం. ఎముకల డాక్టర్ల పక్కన నిలబడిన మనిషి ఆమె. ఒక్కసారి బరువంతా వేసి నొక్కింది. టప్‌మని మూత రెండు ముక్కలై ఎగిరి గుమ్మడి పాదుల్లో పడింది. నట్లు కనిపించాయి. ఇంత అందమైన నట్లు నేను ఎప్పుడూ చూడలేదు. అంకుల్ కళ్లు తుడుచుకుని, చకచకా విప్పేసి, చక్రం ఊడదీశాడు.

"అయిపోయింది. ఇంక స్టెప్నీ వేసుకోవడమే. గ్రేస్, కిందకి దించమ్మా."

అదనపు చక్రం తొట్టి కింద, బండి పొట్టకి కట్టి ఉంటుంది. గ్రేస్ మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూసింది. ఇంకొంచెం వంగి మళ్లీ చూసింది.

"డాడ్" అంది. "దేర్స్ వన్ ఆన్ ద స్పేర్ టూ."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. సెట్టులో అదనంగా వచ్చిన మూత. దాన్ని ఎక్కడో పెట్టి పోగొట్టడం ఎందుకని, గొట్టంలో మిగిలిన బంక అంతా పిండేసి, ఆ చక్రానికి అంటించాను. ఆ రోజు నా మీద నాకెంత గౌరవం కలిగిందో. ఎవరూ అడగకుండానే చేసిన పని అది.

అంకుల్ ఆ చక్రాన్ని దించి, మట్టిలో పడుకోబెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

"దీనికెందుకు పెట్టావు బాబూ? ఇది బండి కింద ఏలాడతది. ఎవడు చూత్తాడు దీన్ని?"

"పడిపోకుండా అంకుల్."

"ఎక్కడ్నించి?"

నేను వంగి బండి పొట్ట కిందకి చూశాను.

ఆ చక్రం బండికి బిగించి లేదు కాబట్టి, గడ్డపార పెట్టి నొక్కితే మట్టిలో గిరగిరా తిరిగింది. తిరగకుండా అంకుల్ దాని మీద కూర్చున్నాడు. అంకుల్‌తో సహా తిరిగింది. ఆంటీ కూడా వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఒకరి వీపుకొకరు ఆనుకుని, సూటులో, పట్టుచీరలో, రంగులరాట్నం మీద కూర్చున్నట్టు నెమ్మదిగా అర చుట్టు తిరిగారు. రూతక్క గడ్డపార కింద పడేసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ వెళ్లి తొట్టి వెనక తలుపు దించి దాని మీద కూర్చుంది. ఆంటీ లేచి వెళ్లి ఆమె చేతికంటిన గ్రీజు తుడవసాగింది.

"ఏడవకమ్మా, కారొచ్చేస్తది" అంది ఆంటీ.

"ఏడవట్లేదాంటీ. పొద్దుట్నించీ భయంగా ఉంది, ఇప్పుడే పోయింది." ఆమె పొలం వైపు చూస్తూ అంది. "చర్చిలో రెండు వైపులుంటాయి కదా. అటు అబ్బాయి వాళ్లు, ఇటు అమ్మాయి వాళ్లు. వినయ్ వైపు బెంచీలన్నీ నిండిపోతాయి. నా వైపు మీరే. మధ్యలోంచి నడిచేటప్పుడు ఆ ఖాళీ బెంచీలు చూడాలని రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడైతే ఏ వైపూ లేదు. ఎటు చూసినా గుమ్మడికాయలే."

ఆంటీ తుడవడం ఆపి ఆమె చెయ్యి పట్టుకుంది. నేను చక్రం పక్కన కూర్చుని, పని లేకపోయినా మూత వంక చూస్తూ ఉండిపోయాను. ఎండ పసుపు పూల మీద పడి, పొలమంతా దీపాలు పెట్టినట్టుంది. గాలి కొంచెం వీచి ఆగిపోయింది.

అప్పుడు మలుపులో కార్లు కనిపించాయి. ఒకటి కాదు. పెళ్లివారి కార్లన్నీ, బారుగా. జరిగిందేమిటంటే, కెవిన్ చర్చిలోకి వెళ్లి, టోపీ తీసి, 'వాళ్లు నా పొలం దగ్గరున్నారు, కారు కావాలట' అన్నాడు. ఎవరి కారో చెప్పలేదు. పెళ్లికూతురి కోసం అనగానే ఎవరికి వారు తమదే కావాలేమోనని లేచారు. చివరికి చర్చిలో మిగిలింది పాస్టర్ గారు ఒక్కరే. ఒక్కరూ ఉండి ఏం చేస్తారు, ఆయన కూడా వచ్చేశారు.

మొదటి కారులోంచి వినయ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది రూత్? ఆర్ యూ ఓకే?"

"మూత రాలేదు" అంది రూతక్క.

అతను చక్రం చూశాడు. సూటుతోనే వంగి గడ్డపార పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాడు. లేచి, చేతులు దులుపుకుని, "ఎవరు బ్రో దీన్ని అంటించింది?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకుని కళ్లజోడు తీసేశాను. "మా బాత్రూంలో టైల్స్ ఊడిపోతున్నాయి, ఒకసారి రావాలి నువ్వు" అన్నాడు.

పాస్టర్ గారికి మధ్యాహ్నం బ్రిస్బేన్‌లో బాప్తిస్మాలున్నాయి. ఆయన మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. రూతక్క ఆయన దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, ఇక్కడే చేసుకోవచ్చా?"

ఆయన చుట్టూ చూశారు. "ఈ పొలాలు చేసినవాడే కదమ్మా మనల్నీ చేసింది. చేసుకోవచ్చు. అయితే ఎండెక్కకముందే చేసుకుందాం."

గుమ్మడి పాదుల మధ్య, ట్రాక్టరు పోయే మట్టి బాట మీద అంకుల్ రూతక్కని నడిపించాడు. ఎవరు ఎటు వైపు నిలబడాలో చెప్పేవాళ్లు లేరు. వినయ్ మేనత్తలు ముగ్గురు వచ్చి సుగుణ ఆంటీ పక్కన నిలబడ్డారు. కెవిన్ టోపీ చేతిలో పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. పొలం ఆయనది, ఎవరు కాదంటారు? రూతక్క అటూ ఇటూ చూసుకుంటూ నడిచింది. ఎటు చూసినా ఆమెకు మనుషులే కనిపించారు. అంకుల్ నడక మధ్యలో ఒకసారి ఆగి, జేబురుమాలు తీసి, మొహమంతా తుడుచుకుని, మళ్లీ నడిచాడు. నేను గొంతులో ఏదో అడ్డం పడి పాట పాడలేకపోయాను. బంక కాదులెండి.

బిర్యానీ అక్కడే, బండి తొట్టిలోంచే వడ్డించాం. కెవిన్ మూడుసార్లు పెట్టించుకుని, నాలుగోసారి ప్లేటు పట్టుకుని ఆంటీ దగ్గర మాట్లాడకుండా నిలబడ్డాడు. పెళ్లి ఫోటోలన్నిటిలోనూ వెనక యూట్ ఉంది, ఒక కాలు తీసేసిన కొంగలా, జాకీ మీద పక్కకి ఒరిగి. రూతక్క ఇంట్లో వాటిలో ఒకదాన్ని పెద్దది చేసి గోడకి పెట్టుకున్నారు. వచ్చినవాళ్లందరికీ చూపించి, ఎవరివల్ల అలా జరిగిందో నా పేరూ ఊరూ చెప్పి మరీ వివరిస్తారు.

బండిని మర్నాడు ఇంకో బండి ఎత్తుకెళ్లింది. టైర్ల దుకాణంలో మిగిలిన మూతల్ని కోత మిషను పెట్టి, నిప్పురవ్వలు ఎగురుతుండగా, ముక్కముక్కలుగా తీశారు. నేను పక్కన నిలబడి చూస్తుంటే, అంకుల్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది.

చివరికి యూట్ ఇంటికొచ్చింది, చక్రాల మధ్య నట్లన్నీ పళ్లికిలించుకుని కనిపిస్తూ. అంకుల్ దాన్ని ఒక చుట్టు చుట్టి వచ్చి, తృప్తిగా తల ఊపాడు.

"మొత్తానికి సాధించావు బాబూ" అన్నాడు. "ఇంక ఈ బండికి మూత పడిపోవడమన్నది ఉండదు."

కనుక, చదువరులారా, పంచభూతాలూ నా ఆస్ట్రేలియా డ్రైవింగ్ లైసెన్సూ సాక్షిగా ఈ కింది ప్రమాణం చేస్తున్నాను. ఊడిపోవాలని నిశ్చయించుకున్న ఏ వస్తువుకీ, అది నాదైనా పరులదైనా, ఈ జన్మలో నేను అడ్డుపడను. బంక గొట్టం చేతపట్టను, పట్టినవాడి పక్కన నిలబడను. ఈ నియమాన్ని ఇప్పటిదాకా నిష్ఠగా పాటిస్తున్నాను. మొన్న మా కారు వెనక నంబరు ప్లేటు కదులుతోందని మా ఆవిడ చెప్పింది. కదలనీ, దాని ఇష్టం, అన్నాను.

నిన్న సాయంత్రం నుంచి అది కనబడటం లేదు.